కిడ్నీలు లేని గవర్రాజు

గవర్రాజును మూడు ప్రశ్నలు అడిగారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ఆ మౌనానికి అతను చెల్లించిన మూల్యం రెండు కిడ్నీలు.

గవర్రాజు గినీ పిగ్. చూడ్డానికి తోక మరిచిపోయి వచ్చిన పెద్ద ఎలుకలా ఉంటాడు. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, నుదుట పాపిడి తీసినట్టు విడిపోయిన జుట్టు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే నోరు. కాకినాడ జగన్నాథపురంలో జాకెట్లు కుట్టే నూకరత్నం దగ్గర, కుట్టు మిషను పక్కనున్న గుడ్డముక్కల బుట్టలో అతని కాపురం. ఇల్లు ఖాళీ చేసి పోతూ ఎవరో గుమ్మంలో వదిలేస్తే ఆవిడ తెచ్చుకుంది. కాలం చేసిన మామగారి పేరు పెట్టుకుంది.

"ఆయనా ఇంతేనండీ. మెలకువగా ఉన్నంతసేపూ నవుల్తానే ఉండేవోరు" అనేది.

ఒక ఉదయం ఆ నోరు ఆగిపోయింది. గవర్రాజు వీపు గుండ్రంగా చేసుకుని మూల కూర్చుని పళ్ళు కొరుకుతున్నాడు. కింద పరిచిన గుడ్డ మీద ఎర్రటి మరక. నూకరత్నం మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి, బుట్ట చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. ఊరి చివర కొత్తగా కట్టిన చిన్న పెంపుడు జీవుల ప్రత్యేక వైద్య సంస్థకు చేరేదాకా బుట్టలోంచి చెయ్యి తియ్యలేదు.

అక్కడ డాక్టర్ ఎస్తేరు దొరకడం ఆ రోజు జరిగిన ఒకే ఒక్క మంచి పని. ఆవిడ గవర్రాజు పొట్ట రెండు వేళ్ళతో తడిమింది, మామూలు ఎక్స్-రే తీయించింది, ఫిల్మును వెలుగుకు పెట్టి చూసింది. నడుము పక్కన మిరియపు గింజంత తెల్లటి చుక్క.

"రాయమ్మా. ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టంలో ఇరుక్కుంటే మాత్రం వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. లేకపోతే కిడ్నీ పోతుంది. తర్వాత మనిషీ... అదే, ఇతనూ పోతాడు."

"ఎలా తెలుత్తాదండీ డాక్టరమ్మ గారూ?"

"కాలి నరంలోకి ఒక మందు ఎక్కిస్తాను. అది రక్తంలో కలిసి కిడ్నీల్లోకి వెళ్తుంది. వెళ్ళిన చోటల్లా ఎక్స్-రేలో తెల్లగా వెలుగుతుంది. ఆ తెలుపు దారి ఎక్కడ ఆగిపోతే అక్కడుంది రాయి."

"ఎంతసేపు పట్టుద్దండీ?"

"ఇంత చిన్న ప్రాణికి నిమిషాల్లో పని. సూది వెయ్యగానే ఫొటోలు తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే మందంతా మూత్రంలోకి దిగిపోతుంది. ఇంక కిడ్నీలు కనబడమన్నా కనబడవు."

నూకరత్నానికి అర్థమైంది. ఎనిమిదో తరగతి తప్పిన ఆవిడకి ఒక్కసారి చెబితే అర్థమైన ఈ సంగతి, ఆ భవనం పై అంతస్తులో ఎవరికీ ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాకపోవడమే ఈ కథ.

* * *

పై అంతస్తులో డైరెక్టరు డాక్టర్ పరబ్రహ్మం ఉంటారు. ఆయన ఆ మధ్య మనుషులకి వైద్యం చేసే ఒక పెద్దాసుపత్రిలో జరిగిన సదస్సుకి వెళ్ళొచ్చారు. వెళ్ళినప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చాక మాత్రం 'రోగి రోగే. కాళ్ళెన్ని అన్నది అప్రస్తుతం' అని మెట్ల దగ్గర గోడ మీద రాయించారు. మనుషుల ఆసుపత్రి నియమావళిని ఉన్నదున్నట్టుగా, ఒక్క అక్షరం పోకుండా తమ సంస్థకి వర్తింపజేశారు. అమలు చెయ్యడానికి మార్కండేయులు అనే నాణ్యతాధికారిని వేశారు.

మార్కండేయులు పనిమంతుడు. వచ్చిన వారంలోనే లవ్ బర్డ్స్ జంటలో ఒకదాన్ని మగవారి వార్డుకి, ఒకదాన్ని ఆడవారి వార్డుకి పంపాడు. అవి గోల పెడితే సందర్శకుల వేళలు రాసిన బోర్డు చూపించాడు. రామచిలక కాలి రింగు నగ కిందికి వస్తుందని తీయించి, కవర్లో పెట్టి, దాని ఎదురుగానే సీలు వేయించాడు. గుండె జబ్బు అనుమానం ఉన్న తాబేలుని ట్రెడ్‌మిల్ మీద ఎక్కించాడు. ఆ పరీక్ష ఇంకా నడుస్తోంది.

గవర్రాజును ఎక్స్-రే గదిలో తువ్వాలులో చుట్టి బల్ల మీద పడుకోబెట్టారు. ఎస్తేరు సూది వేసింది. టెక్నీషియన్ అప్పలకొండ మీట మీద వేలు పెట్టాడు.

"ఆగండి!"

తలుపు దగ్గర మార్కండేయులు. చేతిలో నియమావళి. నూకరత్నం భయపడి బల్లకి అడ్డం నిలబడింది.

"ఈ మందు ఎక్కించిన ప్రతి రోగినీ మూడు ప్రశ్నలు అడగాలి. జవాబులు నమోదయ్యాకే ఎక్స్-రే. పేరేమిటి రోగిది?"

"గవర్రాజండీ."

మార్కండేయులు బల్ల మీదికి వంగాడు. గొంతు సవరించుకున్నాడు. "నమస్కారం గవర్రాజు గారూ. మొదటి ప్రశ్న. మందు ఎక్కిన తర్వాత మీకు ఒళ్ళంతా వెచ్చగా అనిపిస్తోందా?"

గవర్రాజు మీసాలు కదిలించాడు.

"అవునంటున్నారా, కాదంటున్నారా?"

"సార్," ఎస్తేరు గోడ గడియారం వైపు చూసింది. "మందు ఈ క్షణాన కిడ్నీల్లో ఉంది. ఇప్పుడే తియ్యాలి."

"రోగి నోరు విప్పకముందే ఫొటో తియ్యడమంటే రోగి గొంతు నొక్కడమే డాక్టర్ గారూ. పాత రోజులు పోయాయి. గవర్రాజు గారూ, రెండో ప్రశ్న. నోట్లో ఇనుము రుచి తగులుతోందా?"

"ఆడికి ఇనుం రుచేం తెలుత్తాదండీ బాబూ! కొత్తిమీర తప్ప ఇంకోటి ఎరగడు" అంది నూకరత్నం.

"సహాయకులు మాట్లాడకూడదు. రోగిని ప్రభావితం చేసినట్టవుతుంది. మూడో ప్రశ్న. వాంతి వచ్చేలా ఉందా?"

"గినీ పిగ్‌లు వాంతి చేసుకోలేవు సార్. వాటి ఒంట్లో ఆ ఏర్పాటే లేదు."

"చేసుకోలేకపోవచ్చు. వచ్చేలా ఉందా అని కదా అడుగుతున్నాం?"

గవర్రాజు కళ్ళు మూసుకున్నాడు. మార్కండేయులు ప్రశ్నలు మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. ఈసారి కాస్త గట్టిగా. చెవిటితనం ఉందేమోనని చెవుల డాక్టరుకి కబురు పంపాలన్నాడు. చివరికి, రోగి సహకరించడం లేదు కాబట్టి విషయం తన పరిధి దాటిందని తేల్చి, డైరెక్టరు గారికి ఫోన్ చేశాడు. డైరెక్టరు గారు మీటింగులో ఉన్నారు. మీటింగు ముగించుకుని, లిఫ్టు పనిచెయ్యక, మెట్ల మీదుగా, మధ్యలో ఇద్దరితో మాట్లాడి, దిగి వచ్చారు. పరిస్థితి విన్నారు. కాసేపు ఆలోచించారు.

"జవాబు చెప్పకుండా ఉండడం కూడా రోగి హక్కే. ఆ హక్కును గౌరవిస్తూ పరీక్షకి అనుమతిస్తున్నాను. నోట్ చేసుకోండి."

మార్కండేయులు నోట్ చేసుకున్నాడు. అప్పలకొండ మీట నొక్కాడు. ఆ పాటికి గడియారం వైపు చూడడం కూడా మానేసింది ఎస్తేరు.

ఫిల్ములో మూత్రాశయం నిండు చందమామలా వెలుగుతోంది. దానిపైన, కిడ్నీలు ఉండాల్సిన చోట, అంతా చీకటి.

"కిడ్నీలు కనిపించలేదు" అని ఎస్తేరు రిపోర్టు మొదలుపెట్టింది. 'పరీక్ష ఆలస్యం కావడం వల్ల' అన్న మాట ఇంకా రాయనే లేదు.

"కనిపించలేదు అనడం అస్పష్టం" అన్నాడు భుజం మీదుగా చూస్తున్న మార్కండేయులు. "నాణ్యత ప్రకారం రిపోర్టులో సందిగ్ధం ఉండకూడదు. ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి."

"చూశారా?"

"చూడలేదు. కానీ—"

"అయితే లేవు." మార్కండేయులే దిద్దాడు. డైరెక్టరు ఆ ఫిల్మును చేతిలోకి తీసుకున్నారు. ఆయన మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది.

"రెండు కిడ్నీలూ లేకుండా ఇంత నిబ్బరంగా బతుకుతున్నాడా ఇతను!"

"సార్, మందు కిడ్నీలు దాటి కిందికి దిగిపోయింది. అంతే" అంది ఎస్తేరు.

"మన యంత్రం విదేశాల నుంచి తెప్పించింది డాక్టర్ ఎస్తేరూ. ఉన్నవాటిని దాచిపెట్టే యంత్రం కాదు."

"సరే సార్. కిడ్నీలు లేకపోతే ఆ మందు మూత్రాశయంలోకి ఏ దారిన వచ్చింది?"

డైరెక్టరు ఆవిడ వైపు ఆప్యాయంగా చూశారు. "అదే! అదేనమ్మా పరిశోధన!"

* * *

ఆ సాయంత్రానికే ఆవరణలో మైకులు మొలిచాయి.

"మూత్రపిండ వ్యాధుల నిర్మూలన దిశగా మన సంస్థ ఒక చారిత్రక ముందడుగు వేసింది" అన్నారు డైరెక్టరు. "ఇన్నాళ్ళూ అందరూ కిడ్నీలను కాపాడాలనుకున్నారు. మేము మూలానికి వెళ్ళాం. కిడ్నీలే లేకపోతే జబ్బు ఎక్కడ నిలబడుతుంది?"

"ఇది మనుషులకి కూడా వర్తిస్తుందా సార్?" ఒక విలేకరి అడిగాడు.

"దశలవారీగా."

గవర్రాజును ఏసీ గదిలోకి మార్చారు. అద్దాల పెట్టె, దాని మీద చిన్న దీపం, పక్కన కాపలా. అతన్ని రాష్ట్ర ఆరోగ్య సంపదగా గుర్తించాలని పై వారికి రాశారు. గుర్తింపు వచ్చేదాకా కదిలించకూడదన్నారు. నూకరత్నం కూడా ఇప్పుడు సందర్శకురాలే. సాయంత్రం వేళ, అద్దానికి ఇవతలి నుంచి.

ఆవిడ డైరెక్టరు గారి గది ముందు కాచుకుని, ఆయన బయటికి రాగానే దండం పెట్టింది.

"బాబూ, మావోడికి ఆపరేసన్ చేసేసి ఇచ్చెయ్యండి. తీసుకెల్లిపోతాను. నాకీ టీవీలొద్దు, సంపదలొద్దు."

"ఏ ఆపరేషనమ్మా?"

"కిడ్నీలో రాయుందన్నారు కదండీ డాక్టరమ్మ గారు."

"లేని కిడ్నీలో రాయెలా ఉంటుంది?" డైరెక్టరు జాలిగా నవ్వారు. "నువ్వు అదృష్టవంతురాలివమ్మా. అందరూ డాక్టర్ల చుట్టూ తిరిగేది కిడ్నీలు ఉండబట్టే. మీవాడికి ఆ బాధే లేదు."

"బాధ లేకపోతే పల్లెందుకు కొరుకుతాడండీ?"

"ఆలోచిస్తున్నాడేమో."

సంస్థని కలవరపెట్టిన విషయం వేరే ఉంది. ప్రతి ఉదయం గవర్రాజు కింద పరిచిన కాగితం తడిసి ఉంటోంది. కిడ్నీలు లేని రోగి మూత్రం పోయడు. కాబట్టి ఆ తడి అతనిది కాదు. మరి ఎవరిది? విచారణ వేశారు. మొదట కాపలావాణ్ణి పిలిచి ప్రశ్నించారు. అతను కన్నీళ్ళు పెట్టుకుని పిల్లల మీద ఒట్టేశాడు. తర్వాత ఇంజనీర్లు వచ్చి, గోడలు తట్టి, పైకప్పు నుంచి నీరు కారుతోందని నివేదిక ఇచ్చారు. ఎండాకాలంలో నీరెక్కడిదని ఎస్తేరు అడిగితే, కప్పులు పాత తేమను దాచుకుంటాయని చెప్పారు. ఆ తేమ కాస్త ఎర్రగా ఎందుకుందంటే ఇటుకల రంగన్నారు. గది పైన తారు పోశారు, సిమెంటు పూశారు, దాని మీద పెంకులు పరిచారు.

రోజు రోజుకీ కాగితం మీద తడి తగ్గుతూ వచ్చింది. ఒక ఉదయం కాగితం పూర్తిగా పొడిగా ఉంది.

డైరెక్టరు ఇంజనీరుకి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్తేరు ఆ పొడి కాగితం పట్టుకుని నిలబడిపోయింది. 

రాయి దారి మూసేసింది. మూత్రం ఆగిపోయింది. ఇవాళో రేపో గవర్రాజు చనిపోతాడు. సంస్థ ఆ చావుని శాలువాతో సత్కరిస్తోంది.

* * *

ఎస్తేరు మెట్లెక్కి డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. నిజం చెప్పి లాభం లేదని ఆవిడకి అప్పటికి తెలిసింది.

"సార్, రేపు మంత్రిగారు వస్తున్నారు కదా. ఒక్క ఫిల్ము చూపిస్తే సరిపోతుందా? ఎవరైనా పొరపాటున తీశారంటారు. రెండోసారి తీసినా కిడ్నీలు లేవంటే ఇంక నోరెత్తరు."

డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీలో మార్పు వచ్చింది డాక్టర్ ఎస్తేరూ. సంతోషం. తియ్యి. మార్కండేయులు గారు ప్రశ్నలడుగుతారు."

"అలాగే సార్."

ఎస్తేరు కిందికి దిగి, నూకరత్నాన్ని పక్కకి పిలిచింది. "రత్నం గారూ, మీవాడు ఎప్పుడైనా అరుస్తాడా?"

"అరవడమా! కవరు చప్పుడైతే చాలండి, వీధి చివర దాకా ఇనబడుద్ది. కొత్తిమీర తెచ్చానని ఆడి గోల."

"ఇప్పుడు అరుస్తాడా? ఒంట్లో సత్తువ లేదు."

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "అరుత్తాడండీ. నేనెల్లి కవరు తెత్తాను."

రెండోసారి ఎక్స్-రే గది. ఎస్తేరు సూది వేసింది. నూకరత్నం గోడవారగా నిలబడింది, చేతులు వెనక్కి పెట్టుకుని. నోట మాట లేదు. సహాయకులు మాట్లాడకూడదన్న నియమాన్ని ఆవిడ అంత శ్రద్ధగా పాటించడం చూసి మార్కండేయులు మెచ్చుకోలుగా తలూపాడు.

"గవర్రాజు గారూ, ఒళ్ళంతా వెచ్చగా అనిపిస్తోందా?"

వెనక్కి పెట్టిన చేతుల్లో పల్చటి కవరు చిన్నగా నలిగింది.

గవర్రాజు తల ఎత్తలేడు. అయినా చెవి కదిలింది. గొంతులోంచి సన్నటి ఈల.

"వీక్!"

మార్కండేయులు చేతిలోంచి పెన్ను జారిపోయింది. "అవునన్నారు!" వంగి పెన్ను తీసి రాసుకున్నాడు. "నోట్లో ఇనుము రుచి?"

కవరు నలిగింది. "వీక్!"

"వాంతి వచ్చేలా?"

"వీక్, వీక్!"

"గట్టిగా వచ్చేలా ఉందట. బకెట్ తెండి!" బయటికి కేకేశాడు మార్కండేయులు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత చప్పున జవాబులు చెప్పిన రోగిని చూడలేదు. మనుషుల్లో కూడా. తీసుకోండి డాక్టర్ గారూ, తీసుకోండి."

అప్పలకొండ అప్పటికే నొక్కేశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ.

ఫిల్ములు బయటికొచ్చాయి. ఎస్తేరు వెలుగుకు పెట్టి చూసింది. కుడి కిడ్నీ ముడుచుకుపోయి, మసకగా, ఎప్పుడో చేతులెత్తేసినట్టుంది. ఎడమది ఉబ్బి ఉంది, కానీ బతికే ఉంది. తెల్లగా వెలుగుతోంది. దాని నుంచి దారం లాంటి తెలుపు కిందికి దిగి, మిరియపు గింజ దగ్గర టక్కున ఆగిపోయింది. కిందనున్న మూత్రాశయం నల్లగా ఉంది.

రాయి ఎక్కడుందో తెలిసింది. ఇంక కత్తి పట్టుకోవడమే మిగిలింది. కానీ కిడ్నీ ఆపరేషన్‌కి డైరెక్టరు గారి అనుమతి కావాలి.

డైరెక్టరు ఫిల్మును అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"ఇది గవర్రాజుది కాదు" అన్నారు చివరికి.

"గవర్రాజుదే సార్. మార్కండేయులు గారు ఎదురుగా ఉన్నారు."

"గవర్రాజుకి కిడ్నీలు లేవు. ఈ ఫిల్ములో ఉన్నాయి. కాబట్టి ఇది గవర్రాజు కాదు. ఎవరో జంతువుని మార్చేశారు." ఆయన నూకరత్నం వైపు తిరిగారు. "అసలు గవర్రాజు ఎక్కడమ్మా?"

"ఏటండీ మీరనేది? ఆడి పాపిడి నేను దువ్వుతాను రోజూ! నాకు తెలీదా ఆడెవడో?"

"పోలీసులొస్తే తెలుస్తుంది."

మార్కండేయులు దగ్గాడు. "సార్, ఒక్క మనవి. జంతువు మారిందని మనమే అంటే, కాపలా పెట్టి కూడా రాష్ట్ర సంపదని పోగొట్టుకున్నట్టు అవుతుంది. రేపు మంత్రిగారు..."

డైరెక్టరు మొహం పాలిపోయింది. జంతువు మారితే ఆయన పదవి పోతుంది. కిడ్నీలు ఉంటే ఆయన పరువు పోతుంది. 

"అయితే జంతువు సరైనదే. ఫిల్ము తప్పు" అన్నారాయన. "విదేశీ యంత్రాలను నమ్మకూడదు."

"చిత్తం సార్" అంది ఎస్తేరు. "కిడ్నీలు తప్పు. కానీ ఆ రాయి మామూలు ఎక్స్-రేలోనూ ఉంది, అన్నిట్లోనూ ఉంది. రాయి మాత్రం నిజమే కదా సార్?"

"అది... నిజమే."

"కిడ్నీలే లేని వాడికి కిడ్నీలో రాయి ఉండదు సార్."

"ఉండదు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే."

"అంటే మింగిన రాయి. బయటి వస్తువు. మింగిన నాణేలు, గుండీలు, రాళ్ళు తియ్యడానికి పై అనుమతి అక్కర్లేదు. డ్యూటీ డాక్టరు సంతకం చాలు. మార్కండేయులు గారూ, నియమావళిలో అంతే కదా?"

మార్కండేయులు పేజీలు తిప్పాడు. ఆనందంగా తలెత్తాడు. "సరిగ్గా అంతే! బయటి వస్తువుల తొలగింపు. అత్యవసరం కూడాను."

"జాకెట్ గుండీల మధ్య తిరిగేవాడు. ఏదో మింగేసి ఉంటాడు" అన్నారు డైరెక్టరు ఉదారంగా. "తీసెయ్యి."

ఎస్తేరు అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆపరేషన్ గదిలో ఆవిడ బల్ల మీదికి వంగింది. దారం కంటే కాస్త లావైన గొట్టాన్ని వెతికి పట్టుకుని, చిన్న గాటు పెట్టి, రాయిని వెలుపలికి తీసి, వెంట్రుక లాంటి దారంతో కుట్టింది. బయట బెంచీ మీద నూకరత్నం తన చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చుంది. జాకెట్టుకి చెయ్యి జారితే విప్పి మళ్ళీ కుడుతుంది తను. ఇక్కడ మళ్ళీ ఉండదు.

తలుపు తెరుచుకుంది.

"తీశాను. ఇంక ఆ కిడ్నీ పని మొదలెట్టాలి. మూత్రం వస్తే బతికినట్టు. రాకపోతే..." ఎస్తేరు చేతి తొడుగులు విప్పింది.

మర్నాడు ఉదయం గవర్రాజు కళ్ళు తెరిచాడు. ఒక ఆకు కొన కొరికాడు. కాగితం మాత్రం పొడిగానే ఉంది.

* * *

మంత్రిగారు వచ్చారు. మైకులు వచ్చాయి. ఏసీ గదిలో నిలబడే చోటు లేదు. కొత్తగా తెప్పించిన తెల్లటి సూటులో డైరెక్టరు గారు పెళ్ళికొడుకులా ఉన్నారు.

"కిడ్నీలు లేకుండా, మూత్రం అనే వృథా ప్రక్రియ లేకుండా జీవిస్తున్న మొట్టమొదటి ప్రాణి ఇతనే సార్" అన్నారు. "తడి అన్నది లేదు. తమరే స్వయంగా చూడవచ్చు." పొడి కాగితం తీసి చూపించారు.

మంత్రిగారు కాగితాన్ని వేలితో ముట్టుకున్నారు. "బావుందయ్యా. అయితే ఈ డయాలసిస్ సెంటర్లు అవీ మనం తగ్గించుకోవచ్చన్నమాట."

"నిస్సందేహంగా సార్."

వెనక వరుసలో ఎస్తేరు, నూకరత్నం పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరూ గవర్రాజు వైపే చూస్తున్నారు. ఇప్పుడు మూత్రం వస్తే అతను బతుకుతాడు. మంత్రిగారి ఎదుట వస్తే మాత్రం దొంగ జంతువుని తెచ్చిపెట్టిందన్న కేసు నూకరత్నం మీద పడుతుందని మార్కండేయులు పొద్దున్నే హెచ్చరించాడు.

"కేసెట్టుకోనీండి" అని గొణిగింది నూకరత్నం. "ఒరే గవర్రాజూ, పొయ్యరా నాయనా."

"ఇతను ఇకపై మా సంస్థలోనే, ప్రజల ఆస్తిగా ఉంటాడు" అంటూ డైరెక్టరు గారు గవర్రాజును రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఫొటోల కోసం నడుము దగ్గర ఆనించుకుని పట్టుకున్నారు. కెమెరాలు మెరిశాయి.

ముందు ఒక చుక్క. తర్వాత ధార.

తెల్ల ప్యాంటు మీద, బొడ్డు కింది నుంచి మోకాలి దాకా, పసుపు మరక నిదానంగా పాకింది.  ఎస్తేరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నూకరత్నం పైకి చూసి దండం పెట్టింది.

మంత్రిగారు కళ్ళు చిన్నవి చేసుకుని చూశారు. "ఏంటయ్యా అది?"

డైరెక్టరు గవర్రాజు వైపు చూశారు. కెమెరాల వైపు చూశారు. గోడ మీద ఇంకా తడి ఆరని కొత్త బోర్డు వైపు చూశారు. దాని మీద 'కిడ్నీ రహిత జీవ పరిశోధనా కేంద్రం, వ్యవస్థాపకులు' అని ఆయన పేరుంది. 

"నాదే సార్" అన్నారు.

ఎవరో ఉలిక్కిపడ్డారు. ఎవరో నవ్వాపుకున్నారు.

"నీదా?"

"నాదే సార్. ఉద్వేగంలో... అదుపు తప్పింది."

మంత్రిగారి మొహం మెత్తబడింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "షుగరుందా?"

"ఉంది సార్."

"నాకూ ఉందిలే. మొహమాటపడకు. కెమెరాలు ఆపండయ్యా, పెద్దాయన ఇబ్బంది పడుతున్నాడు." ఆయన డైరెక్టరు భుజం తట్టి, అందరినీ వెంటపెట్టుకుని బయటికి నడిచారు. మార్కండేయులు నియమావళిలో 'అధికారుల మూత్రం' అన్న అంశం కోసం వెతుకుతూ వాళ్ళ వెనకే వెళ్ళాడు.

గదిలో నలుగురు మిగిలారు. డైరెక్టరు గారు గవర్రాజును దూరంగా పట్టుకుని నిలబడ్డారు. గవర్రాజు ఆయన టై కొస నములుతున్నాడు.

ఎస్తేరు మొహం తుడుచుకుని ముందుకొచ్చింది.

"సార్, ఇతన్ని ఇక్కడే ఉంచేస్తారా?"

"నిర్ణయం జరిగిపోయింది కదా."

"అలాగే సార్. సందర్శకులు రోజంతా వస్తూనే ఉంటారు. వాళ్ళు చూస్తుండగా కాగితం తడిస్తే..." ఆవిడ ఆయన ప్యాంటు వైపు చూసి, మర్యాదగా చూపు మరల్చుకుంది. "ప్రతిసారీ తమరు పక్కనే ఉండాల్సి వస్తుంది సార్."

డైరెక్టరు తన ప్యాంటు వైపు ఒకసారి చూసుకున్నారు. తర్వాత చాలా చిన్న గొంతుతో నూకరత్నాన్ని అడిగారు.

"మామూలుగా రోజుకి ఎన్నిసార్లు పోస్తాడమ్మా?"

"లెక్కెవరెడతారండీ బాబూ" అంది నూకరత్నం. "తిన్నంతసేపూ పోత్తానే ఉంటాడు. తినడం ఆపేదెప్పుడు గనక!"

డైరెక్టరు గారు గవర్రాజును ఆవిడ చేతుల్లో పెట్టి, డిశ్చార్జి సంతకానికి పెన్ను అడిగారు.